ఎదుర్లంక రేవు దాటి కాకినాడకు

ఈ శతాబ్ది సంచికలో మన పెద్దలనేకులు సంఘముల చరిత్రను, బడుల చరిత్రను, కట్టడముల చరిత్రను వ్రాయుచున్నారు. ఆ పని మాకన్న వారే బాగుగా చేయగలరు. మేము వ్రాయబూనినది ఒక దారి చరిత్ర. మురమళ్ళ నుండి ఎదుర్లంక రేవుకు, రేవు దాటి యానామునకు, అక్కడనుండి తాళ్ళరేవు, కోరంగి మీదుగా కాకినాడకు పోవు దారి అది. అంతయు కలిపి నలభై కిలోమీటర్లకు కొంచెము అటూ ఇటూగా ఉంటుంది. నేడు మురమళ్ళలో బస్సు ఎక్కినవాడు ఒక కునుకు తీసి లేచేసరికి కాకినాడ జగన్నాథపురములో ఉంటాడు. 2002వ సంవత్సరమునకు ముందు ఈ దారిన తిరిగినవారిని మాత్రము ఎంత దూరమని అడిగి చూడండి. “చివరి పడవ అందితే దగ్గరే, అందకపోతే చాలా దూరము” అని చెప్తారు. ఆ మాటలో మా లంకల చరిత్ర అంతా ఉన్నది.

ఐలాండు పోలవరము

మా మండలము పేరు ఐ. పోలవరము. పాపికొండల దిగువనున్న పోలవరము వేరు, మాది వేరు. గుర్తు కొరకు మా ఊరి పేరుకు ముందు “ఐ” చేర్చినారు. ఆ “ఐ” అనగా ఐలాండు. పిల్లలలో చాలామందికి ఈ సంగతి తెలియదు గనుక ఇక్కడ వ్రాయుచున్నాము.

ధవళేశ్వరము దిగువన గోదావరి గౌతమి అనియు, వసిష్ఠ అనియు రెండుగా చీలుచున్నది. ఆ రెండు పాయలకు నడుమ సముద్రము వరకు ఉన్న భూమియే కోనసీమ. గౌతమి సముద్రమును చేరబోవుచు వృద్ధ గౌతమి అను మరొక పాయను విడుచుచున్నది. గౌతమికి, వృద్ధ గౌతమికి నడుమ ఉన్నది మా లంక. గుత్తెనదీవి, ఎదుర్లంక, పశువుల్లంక అని మా ఊళ్ళ పేర్లలోనే దీవులు, లంకలు ఉన్నవి. యానామునకు ఎదురుగా ఉన్న లంక ఎదుర్లంక.

కోనసీమ వైపున మాకు అంత ఇబ్బంది లేదు. అన్నంపల్లి అక్విడక్టు కాలువ నీటిని వృద్ధ గౌతమి దాటించి మా చేలకు అందించినది. ముమ్మిడివరము, అమలాపురము పోయి రావచ్చును. అయితే మా ముఖ్యమైన పనులన్నియు గౌతమి అవతలి ఒడ్డున, కాకినాడలో ఉండేవి. తూర్పు గోదావరి జిల్లాకు అది ముఖ్యపట్టణము. కలెక్టరు కచేరి అక్కడనే. పెద్ద చదువునకు పిఠాపురము రాజావారి కళాశాల అక్కడనే. 1958లో రంగరాయ వైద్య కళాశాల వచ్చిన తరువాత పెద్ద వైద్యమునకు కూడ అక్కడికే పోవలసియుండెను. భూమి తగాదా అయినను, కొడుకు చదువు అయినను, ప్రాణము మీదికి వచ్చిన జబ్బు అయినను, గౌతమి దాటనిదే జరిగేది కాదు. పైన రావులపాలెము దగ్గర వంతెన వచ్చిన తరువాత రోడ్డున చుట్టి పోవుటకు వీలు కలిగినది గాని, అది నూరు కిలోమీటర్లు దాటిన చుట్టు.

కాలువ పడవలు, కోటిపల్లి రైలు

సర్ ఆర్థర్ కాటన్ గారు 1847లో ధవళేశ్వరము ఆనకట్ట పని మొదలుపెట్టించి 1852 నాటికి పూర్తి చేయించినారు. అప్పుడు త్రవ్విన కాలువలు పంటకే గాక పడవకు కూడ దారులైనవి. రైలు కన్న నీటిదారి చవక అని కాటన్ గారు వాదించేవారు. మా తాతలు ఆ కాలువ పడవలలోనే ఊళ్ళు తిరిగినారు. గాలి అనుకూలమైతే తెరచాప ఎత్తేవారు. లేకపోతే మనుషులు గట్టు మీద నడుచుచు త్రాడు భుజమున వేసికొని పడవను లాగేవారు. లాకుల దగ్గర నీటిమట్టము సమానమగు వరకు ఆగవలెను. వంట పడవలోనే, నిద్ర పడవలోనే. ఎండకాలములో మరమ్మతులకు కాలువలు కట్టివేసినప్పుడు ఈ ప్రయాణములు కూడ ఆగిపోయేవి.

కాలువ ఎంత దూరము తీసికొనిపోయినను గౌతమి ఒడ్డున దిగక తప్పదు. ఎగువన ముక్తేశ్వరము రేవు దాటి కోటిపల్లి చేరినవారికి 1928 నుండి కాకినాడకు రైలు ఉండెను. రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి, 1940లో ఆ పట్టాలను యుద్ధ అవసరములకు ఊడదీసికొని పోయినారు. మరల కోటిపల్లికి రైలు వచ్చినది 2004లో. అరువది నాలుగు సంవత్సరముల పాటు ఆ ప్రాంతమువారు రైలు ఉండెడిదని చెప్పుకొనుచునే రేవు దాటినారు.

రేవులలో ఆ రోజులలో హోటళ్ళు లేవు. ఆకలితో దిగినవారికి ఊరివారి దయయే దిక్కు. కోనసీమకు పడమరగా, వైనతేయ పాయ ఒడ్డున ఉన్న లంకల గన్నవరములో డొక్కా సీతమ్మగారు (1841–1909) వేళ కాని వేళ వచ్చిన బాటసారులకు కూడ అన్నము పెట్టి పేరు పొందినారు. అక్కడ 2000లో కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టినారు. ఒక ఇల్లాలు పెట్టిన అన్నము అంత గొప్ప సంగతి ఎట్లయినదని నేటి పిల్లలు అడుగవచ్చును. పడవ తప్పి, చీకటిలో, తడిసిన బట్టలతో, తెలియని ఊరిలో నిలబడినవానికి ఆ అన్నము విలువ తెలియును.

అవతలి ఒడ్డున మరొక ప్రభుత్వము

మా రేవుకు ఒక వింత కలదు. ఎదుర్లంకలో పడవ ఎక్కునప్పుడు మనము ఇంగ్లీషువారి ఏలుబడిలో ఉంటిమి. యానాములో దిగునప్పుడు ఫ్రెంచివారి ఏలుబడిలోనికి పోతిమి. రెండు ఒడ్డులందు ఒకటే తెలుగు, ఒకటే బంధుత్వములు. ప్రభుత్వములు మాత్రము రెండు. యానాము దాటి నాలుగడుగులు వేస్తే మరల ఇంగ్లీషువారి నేల. కాకినాడ పోవుటకు మా పెద్దలు ఒకే పూటలో రెండు రాజ్యములు తొక్కినారన్నమాట.

ఈ వింత వలన ఒక కీడు కూడ జరిగినది. బాల్యవివాహములను అరికట్టుటకు 1929లో శారదా చట్టము చేయబడి 1930 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టము ఫ్రెంచి యానాములో చెల్లదు. అందుచేత ఎక్కడెక్కడివారో చిన్నపిల్లలను వెంటబెట్టుకొని వచ్చి యానాములో పెళ్ళిళ్ళు చేసికొని పోయేవారు. యానామునకు కల్యాణపురమను పేరు అందువలననే వచ్చినది. మా రేవున కూడ అట్టి పెళ్ళివారు దాటినారు. పసుపు బట్టలతో పడవ మధ్యను కూర్చున్న ఆ పిల్లలకు ఎక్కడికి పోవుచున్నారో, ఎందుకు పోవుచున్నారో తెలియదు. రేవు మంచికిని చెడుకును ఒకే విధముగా దారి ఇచ్చినది. మన దారి చరిత్ర వ్రాయునప్పుడు ఆ పిల్లలను విడిచిపెట్టరాదని ఇది వ్రాసితిమి.

1954 జూన్ 13న యానాములో విలీనమును కోరినవారు పరిపాలనను చేపట్టినారు. ఆ సంవత్సరము నవంబరు 1న పుదుచ్చేరి, కారైకాల్, మాహేలతో పాటు యానాము కూడ భారత ప్రభుత్వము చేతికి వచ్చినది. చట్టరీత్యా బదిలీ 1962 ఆగస్టు 16న జరిగినది. నేటికిని యానాము పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతములోనిదే.

రేవు నడిచిన తీరు

రేవును ఏటేటా పాట పెట్టేవారు. పాట పాడినవాడు పాటదారు. అతని మనిషి ఒడ్డున కూర్చుండి కేవు వసూలు చేసేవాడు. 1957లో పైసల లెక్క వచ్చువరకు కేవు అణాలలో ఉండెను. మొదట గడలు, తెడ్లు, తెరచాపల పడవలు. తరువాత మోటారు లాంచీలు వచ్చినవి. లాంచీ వచ్చినప్పటినుండి సరంగు మాకు పెద్దమనిషి. పెళ్ళి ముహూర్తమునకు సిద్ధాంతిని అడిగినట్లు, ప్రయాణమునకు సరంగును అడిగేవారము.

యానాము దగ్గర గౌతమి మిక్కిలి వెడల్పు. సముద్రము దగ్గర గనుక పోటు, పాటు రెండును ఉన్నవి. పోటు నాడు నీరు ఎగువకు నెట్టును. పాటు నాడు సముద్రము వైపు లాగును. పడవ నేరుగా పోదు. ఎగువకు పట్టి నడిపితే అనుకొన్న చోటికి చేరును. గాలి ఎదురైతే అరగంట దారి రెండు గంటలగును. ఒకే బల్ల మీద కచేరి గుమాస్తా, చేపల గంపతో పోవు ఆడమనిషి, కాకినాడలో చదువుకొను కుర్రవాడు, కొబ్బరికాయల బేరగాడు ఒరుసుకొని కూర్చుండేవారు. ఊరిలో ఎడము పాటించువారు కూడ పడవలో ఎడము పాటించుటకు చోటు లేదు. మేకలకు కూడ కేవు ఉండెను. చంకలోని బిడ్డకు లేదు.

యానాములో దిగిన తరువాత బస్సు. మొదట ప్రైవేటు బస్సులు, 1958లో ఆర్.టి.సి. ఏర్పడిన తరువాత క్రమముగా ఆ బస్సులు వచ్చినవి. అయితే పడవ వేళకు బస్సు ఉండదు, బస్సు వేళకు పడవ రాదు. లాంచీ నది మధ్యను ఉండగానే అవతల బస్సు కదలిపోవుట కన్నులార చూచుచు కూర్చున్న రోజులు ఎన్నో. చేతులు ఊపినను, కేకలు వేసినను డ్రైవరుకు వినపడదు.

తిరుగు ప్రయాణము ఇంకను కష్టము. కాకినాడలో పని సగములో విడిచి పరుగెత్తవలసినదే. కచేరిలో “రేపు రండి” అన్న ఒక్క మాట మాకు రెండు నదీ ప్రయాణములు. చివరి పడవ పోయినదా, ఇక యానాము అరుగులే పడక. ఆ ఊరివారు మంచివారు. నీళ్ళిచ్చేవారు, చాప ఇచ్చేవారు. మన పెద్దల కూడికలు కూడ చివరి పడవ వేళ చూచియే ముగిసేవి. అవతలి ఒడ్డువారు ముందుగా లేచి పోవుచుంటే ఎవరును తప్పు పట్టేవారు కాదు.

వరద కాలములో ఇదియు లేదు. ధవళేశ్వరము దగ్గర నీటిమట్టము 11.75 అడుగులు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది. ఆ అంకెలు మా పిల్లలకు ఎక్కముల వలె నోటికి వచ్చును. 1986 ఆగస్టు వరదలో 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగినది. 1996 నవంబరు 6న పెనుతుపాను కాకినాడకు దక్షిణముగా మా తీరముననే దాటినది. వేయిమందికి పైగా చనిపోయినారు. అట్టి దినములలో అవతలి ఒడ్డు కంటికి కనిపించుచునే అందని ఊరయ్యెను.

ఒక రాత్రి

ఇంతవరకు అందరి సంగతి వ్రాసితిమి. మా యింటి సంగతి ఒకటి వ్రాసి ముందుకు పోవుదుము.

1970 ప్రాంతమున మా పిన్నికి మొదటి కాన్పు. రెండు దినములు నొప్పులు పడినది. మూడవ పూట మంత్రసాని చేతులు కడుగుకొని, “ఇంక నా చేతుల్లో లేదమ్మా, కాకినాడ తీసుకుపొండి” అన్నది. ఎడ్లబండిలో గడ్డి పరచి, దుప్పటి వేసి, మా నాన్నగారు, బాబాయి ఆమెను రేవుకు తెచ్చినారు. అప్పటికి చివరి లాంచీ పోయి చాలాసేపైనది. ఒడ్డున వలల దగ్గర నిద్రించుచున్న పల్లెవారిని లేపినారు. వారిలో పెద్దవాడు లేచి నీటివైపు చూచి, “ఇప్పుడు పాటు బాబూ. నీరు సముద్రంలోకి లాగేత్తంది. పోటు తిరిగేదాకా పడవెయ్యకూడదు. ఏత్తే అమ్మతో పాటు అందరం పోతాం” అన్నాడు. మా బాబాయి అతని చేతులు పట్టుకొన్నాడు. అతడు కూడ కన్నీళ్ళు పెట్టుకొన్నాడు గాని పడవ విప్పలేదు.

పోటు తిరుగు వరకు అందరు ఒడ్డుననే కూర్చున్నారు. అవతల యానాము దీపములు కనబడుచునే ఉన్నవట. తెల్లవారుజామున పడవ వేసినారు. యానాములో ఒక కారు బాడుగకు దొరికినది. కాకినాడ చేరునప్పటికి బాగుగా ప్రొద్దెక్కినది. తల్లి బ్రతికినది, బిడ్డ దక్కలేదు.

ఆ పల్లెపెద్ద కేవు తీసికొనలేదు. తరువాత మా ఊరు వచ్చినప్పుడెల్ల మా పిన్నిని పలుకరించి పోయేవాడు. అతని తప్పు లేదని ఆమెకు తెలియును. ఆ రాత్రి అతడు పడవ వేసియుంటే ఆమె కూడ దక్కేది కాదని అందరికి తెలియును. అయినను ముసలితనము వరకు ఆమె ఒక మాట అనుచుండెను: “నా బిడ్డ ఆసుపత్రిలో పోలేదు, రేవులో పోయింది.” మా లంకలలో ఇట్లు అనగల తల్లులు ఆమె ఒక్కతెయే కాదు. వంతెన కావలెనని మా పెద్దలు అర్జీలు పెట్టినప్పుడు ఆ కాగితముల వెనుక ఈ తల్లులు ఉన్నారు.

వంతెన

రేవు గ్రామమైన ఎదుర్లంకలోనే 1951 అక్టోబరు 1న గంటి మోహనచంద్ర బాలయోగి గారు జన్మించినారు. గుత్తెనదీవిలో చదువు మొదలుపెట్టి, తరువాత కాకినాడలో చదివి, న్యాయవాదియై 1980లో కాకినాడలోనే వృత్తి ఆరంభించినారు. అందరి వలె ఆయనకు కూడ చదువునకు దారి గౌతమి మీదుగనే. 1991లో అమలాపురము నుండి లోక్‌సభకు ఎన్నికై, 1998లో లోక్‌సభాపతి అయినారు. ఆ పీఠము ఎక్కిన మొదటి దళితుడు ఆయనయే. 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టరు ప్రమాదములో మరణించినారు. ఎదుర్లంకకు యానామునకు నడుమ గౌతమిపై వంతెన ఆ సంవత్సరమే రాకపోకలకు తెరువబడినది. దానికి ఆయన పేరే పెట్టినారు.

వంతెన తెరచిన క్రొత్తలో మా ముసలివారు పని లేకపోయినను బస్సెక్కి యానాము పోయి వచ్చినారు. నది మధ్యకు రాగానే బస్సులో అందరు మాటలు మాని క్రిందికి చూచేవారు. ఒక పెద్దాయన కండక్టరుతో, “బాబూ, ఒక్క నిమిషం ఆపు, ఇక్కడే మా అన్న పడవ తిరగబడింది” అన్నాడని చెప్పుకొంటారు. నేడు 216వ జాతీయ రహదారి ఆ వంతెన మీదుగనే పోవుచున్నది. అర్ధరాత్రి నొప్పులు వచ్చినను తల్లిని ఒక గంటలో కాకినాడ చేర్చవచ్చును. పోటు పాటుల లెక్క మా ఆడపడుచులకు ఇప్పుడు అక్కర లేదు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ వేరు జిల్లా అయినది, ముఖ్యపట్టణము అమలాపురము. కచేరి పనులకు కాకినాడ పోవలసిన అవసరము చాలవరకు తీరినది. చదువునకు, వైద్యమునకు మాత్రము మా బస్సులు ఇంకను గౌతమి దాటుచునే ఉన్నవి.

ఇంకను ఒడ్డున ఉన్నవారు

ఇక్కడితో ముగించినచో ఈ వ్యాసము సంతోషముగా ముగియును. కాని అది పూర్తి సత్యము కాదు. 2018 జూలై 14న మా మండలములోని పశువుల్లంక దగ్గర, బడిపిల్లలును ఇతరులును ఎక్కిన పడవ, పాయ మీద కట్టుచున్న వంతెన స్తంభమునకు తగిలి తిరగబడినది. పిల్లలు నీటిలో కొట్టుకొనిపోయినారు. వారిని దాటించుటకు మొదలుపెట్టిన వంతెన పూర్తి కాక ముందే, దాని స్తంభమే వారికి అడ్డమైనది. ఆ వార్త విన్న రాత్రి మా పిన్ని మాట మాకు మరల వినిపించినది.

పెద్ద పాయ మీద పెద్ద వంతెన వచ్చినది గనుక రేవుల కాలము గడచిపోయినదని మనము అనుకొంటిమి. చిన్న పాయల ఒడ్డున, చిన్న లంకలలో ఆ కాలము గడవలేదు. పడవ గట్టిదా, దానిలో ఎంతమంది ఎక్కుచున్నారు, తేలుటకు చట్టాలు ఉన్నవా, వరదనాడు ఎవరు వద్దని చెప్తారు అని అడుగు బాధ్యత వంతెన మీద బస్సులో పోవు మనకు ఉన్నది. ఒకప్పుడు మనము కూడ ఆ ఒడ్డుననే కూర్చున్నవారము గదా. దారి సాగినదా లేదా అనుటకు ముందుగా దాటినవానిని చూచి చాలదు. ఒడ్డున చివరగా మిగిలినవానిని చూడవలెను.

మా మనవి ఒకటి. మీ యిండ్లలో రేవు దాటిన పెద్దలు ఇంకను ఉన్నచో, వారి దగ్గర కూర్చుండి అడగండి. ఏ సరంగు, ఏ పడవ, ఏ రాత్రి, ఎవరు దాటినారు, ఎవరు దాటలేదు అని అడిగి ఒక కాగితము మీద వ్రాసి పెట్టండి. వంతెనకు శిలాఫలకము ఉన్నది. రేవుకు లేదు. ఆ పని మనమే చేయవలెను.